చెవి మేస్త్రి, అక్కయ్య, పుస్తకాల వ్యాను

పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనని నడుస్తున్న ఇంజను మీద ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి అదిమిపెట్టి, కళ్ళు మూసుకుని నిలబడేవాడు మేస్త్రి. ఆ కాసేపూ షెడ్డులో ఎవరూ దగ్గకూడదు. ఎవరైనా దగ్గితే కళ్ళు తెరవకుండానే, "ఆస్పత్రి పక్క వీధిలో ఉందయ్యా" అనేవాడు. తరువాత కళ్ళు తెరిచి "వాల్వు" అనో, "బేరింగు" అనో ఒక్క మాట అనేవాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే అయ్యుండేది. అలా చెవి మేస్త్రి అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ పేరంటే ఆయనకి లోలోపల గర్వంగానే ఉండేది. ఎవరైనా మరిచిపోయి ఉత్త మేస్త్రి అని పిలిస్తే ఒకటికి రెండుసార్లు పిలిపించుకుని గానీ పలికేవాడు కాదు.

ఆయన పనికి ఒక వరస ఉండేది. బండి ఎవరిదైనా, జబ్బు ఏదైనా, ముందు పెట్రోలు ట్యాంకు మూత తిప్పి తీసి, వంగి వాసన చూసేవాడు. ఆయనకి పని నేర్పిన పెద్దాయన అలాగే చేసేవాడు. ఆ రోజుల్లో పెట్రోల్లో కిరసనాయిలు కలపడం మామూలు కాబట్టి సగం జబ్బులు ముక్కుకే దొరికేవి. కల్తీ రోజులు పోయినా మేస్త్రికి ఆ అలవాటు పోలేదు. వాసన చూసి, మూత బిగించి, అప్పుడు ఇంజను స్టార్టు చేసి, అప్పుడు చెవి ఆనించేవాడు. బండి తెచ్చినవాళ్ళు ఈలోగా పక్కన నిలబడి ఏదో చెబుతూనే ఉండేవారు. దానికి ఊ కొట్టేవాడు గానీ బుర్రకి ఎక్కించుకునేవాడు కాదు. "మీరు చెప్పేది మీకు తోచింది. నాకు బండి చెబుతుంది లెండి" అని నవ్వేవాడు.

ఆయన్ని ఈ పనిలో పెట్టింది అక్కయ్యే. అమ్మ పోయాక ఇల్లు, తమ్ముడు రెండూ ఆవిడ నెత్తిన పడ్డాయి. బడి ఎగ్గొట్టి రోడ్డు పక్కన ఆగిన లారీల కింద దూరి పడుకునే తమ్ముణ్ణి ఒకరోజు చెవి పట్టుకుని బయటికి లాగి, అలా చెవి పట్టుకునే తీసుకెళ్ళి ఒక షెడ్డులో అప్పజెప్పింది. "వాడి చెవికి అంత పనితనం అబ్బిందంటే అది నా చేతి చలవే" అని ఇప్పటికీ అంటూంటుంది. ఆవిడ మాత్రం పుస్తకాల మనిషి. ఊరి లైబ్రరీలో ఉద్యోగం. అన్నం తింటూ చదివేది, కూర మాడుతున్నా చదివేది. మాట్లాడితే ఆవిడ మాటల్లో పోలికలు దొర్లుతూ ఉండేవి. వాన పడితే వాన పడుతోంది అని ఊరుకునేది కాదు, ఆకాశానికి ఏదో గుర్తొచ్చినట్టుంది అనేది. తమ్ముడికి అదంతా వేళాకోళంగా ఉండేది.

లైబ్రరీకి ఒక పాత వ్యాను ఉండేది. నీలం రంగు వెలిసిపోయి, వాన నీళ్ళు కారిన చారలు పడి, ఎక్కడ సొట్ట ఉందో ఎక్కడ లేదో చెప్పలేనట్టు ఉండేది. లోపల రెండు వైపులా అరలు, మలుపుల్లో పుస్తకాలు పడిపోకుండా అరలకి అడ్డంగా తోలు పట్టీలు. వంతెన అవతల ఉన్న కాలనీలకీ, ఇంకా దూరంగా రాళ్ళ క్వారీ దగ్గరి ఇళ్ళకీ ఆ వ్యానే పుస్తకాలు మోసేది. దాని డ్రైవరు రిటైరవుతూ, ఇక వ్యాను మూలన పడుతుందని లైబ్రరీలో అందరూ అనుకుంటుంటే, అక్కయ్య ఆయన పక్కన కూర్చుని నడపడం నేర్చుకుంది. తల నెరుస్తున్న వయసులో ఇదేం సరదా అని ఇరుగుపొరుగు ముక్కున వేలేసుకున్నారు. ఆవిడ పట్టించుకోలేదు. స్టీరింగు ముందు కూర్చుంటే ఆవిడ వీపు నిటారుగా అయ్యేది. గొంతు కూడా ఒక మెట్టు పెరిగేది. సాయంత్రం తిరిగొస్తూ షెడ్డు ముందు వ్యాను ఆపి, హారను కొట్టి, ఆవాళ క్వారీలో ఎవరు ఏ పుస్తకం గురించి ఏమన్నారో కిటికీలోంచే అరిచి చెప్పి వెళ్ళిపోయేది. ఆ మాటలు తమ్ముడికి సగం అర్థమయ్యేవి కావు. కానీ ఆ హారను కోసం చూసేవాడు.

ఇలా ఉండగా, లైబ్రరీ ఆవరణలో నిలబెట్టిన వ్యానులోంచి ఎవరో పెట్రోలు తోడుకుపోతున్నారని తెలిసింది. లైబ్రరీ పెద్దాయన మేస్త్రిని పిలిచి తాళం ఉన్న మూత ఏదైనా పెట్టమన్నాడు. ఆ పాత వ్యానుకి అలాంటిది ఎక్కడా దొరకలేదు. మేస్త్రి తన పాత సామాన్ల డబ్బాలన్నీ కుమ్మరించి వెతికి, వేరే ఏదో బండిది, తాళం మూత ఒకటి పట్టుకున్నాడు. మరలు అతికినట్టు కుదిరాయి. రబ్బరు కూడా కొత్తది వేశాడు. "చుక్క బయటికి రాదు, చీమ లోపలికి పోదు" అని మురిసిపోయాడు.

ఆ తరువాతే వ్యాను ఆగడం మొదలైంది.

"ఒరేయ్, బండి దారిలో ఆగిపోతోందిరా" అంది అక్కయ్య షెడ్డులోకి వస్తూనే.

"ఎలా ఆగుతోంది?"

"వంతెన దాటేదాకా బాగానే ఉంటుంది. తరువాత గునుస్తుంది. ఎవరో గొంతు పట్టుకున్నట్టు, ఊపిరాడక గిలగిల్లాడినట్టు కొట్టుకుని ఆగిపోతుంది. కాసేపు నేను పక్కన కూర్చుని ఏదో చదువుకుంటే, అప్పటికి తేరుకుని మళ్ళీ లేస్తుంది."

"అక్కా, నవల చెప్పకు. ఏం చప్పుడు వస్తోందో చెప్పు."

"చప్పుడు ఉంటే నీకెందుకురా చెప్పడం, నువ్వే వినేవాడివిగా! చప్పుడు లేకపోవడమే దాని జబ్బు."

మేస్త్రి నవ్వుతూ ట్యాంకు మూత తీశాడు. తుస్సుమంది. ఎండన పడొచ్చిన ట్యాంకు ఆ మాత్రం ఆవిరి వదులుతుంది అనుకుని, వాసన చూసి, బిగించాడు. ప్లగ్గులు విప్పి తుడిచాడు. పాయింట్లు రుద్దాడు. కాయిల్ వేడెక్కుతోందేమోనని చెయ్యి పెట్టి చూశాడు. కార్బురేటర్ విప్పి, సన్న రంధ్రాలన్నీ గాలి కొట్టి బిగించాడు. చెవి ఆనించి విన్నాడు. ముసలిదైనా ఇంజను చక్కగా పాడుతోంది. అక్కయ్యని పక్కన కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పాడు. ఎక్కడా ఆగలేదు.

అటు తరువాత రెండు మూడుసార్లు అక్కయ్య దారిలోంచి కబురు పంపింది. మేస్త్రి స్కూటరు మీద సంచీ వేసుకుని వెళ్ళేసరికి, ఆవిడ వ్యాను నీడలో కూర్చుని పుస్తకం చదువుకుంటూ కనిపించేది. ఆయన వెళ్ళగానే తాళం తీసి మూత తిప్పేవాడు, వాసన చూసేవాడు, బిగించేవాడు, సీట్లో కూర్చుని తాళం తిప్పేవాడు. ఇంజను ఒకసారి దగ్గి లేచేది. అక్కయ్య తెల్లబోయేది.

"ఇప్పటిదాకా చచ్చినట్టు పడి ఉందిరా! నీ మీద ఒట్టు!"

"నా మీద ఎందుకక్కా ఒట్టు, నేను బానే ఉన్నానుగా. బండీ బానే ఉంది" అనేవాడు. చుట్టూ మూగినవాళ్ళు పగలబడి నవ్వేవారు.

చివరికి లైబ్రరీ పెద్దాయన ఒకరోజు స్వయంగా షెడ్డుకి వచ్చాడు. వెంట అక్కయ్య కూడా ఉంది. వ్యాను ఆగిన ప్రతిసారీ దూరపు కాలనీలకి వెళ్ళలేకపోతున్నామని, లోపం ఎక్కడుందో తేల్చి చెప్పమని అడిగాడు. మేస్త్రికి అప్పటికి విసుగొచ్చి ఉంది. తన చెవికి అందని జబ్బు ఒకటి ఉందని పదిమందిలో ఒప్పుకోవడానికి ఆయనకి మనసొప్పలేదు.

"బండికేం జబ్బు లేదండీ" అన్నాడు. "జబ్బంతా మా అక్కయ్య కాలిది. బుర్ర పుస్తకంలో ఉంటే కాలు క్లచ్ మీద నిద్రపోతోంది."

పెద్దాయన నవ్వాడు. షెడ్డులో ఉన్నవాళ్ళందరూ నవ్వారు. అక్కయ్య కూడా నవ్వింది. ఆవిడ నవ్వింది కదా అని మేస్త్రి ఇంకో రెండు మాటలు కలిపి ఇంకాస్త నవ్వించాడు.

కొద్దిరోజులకే వ్యానుకి కొత్త డ్రైవరు వచ్చాడు. అక్కయ్యని లోపల బల్ల దగ్గర, పుస్తకాల మీద ముద్రలు వేసే పనిలో కూర్చోబెట్టారు. కొత్త డ్రైవరు మహా జాగ్రత్త మనిషి. ట్యాంకు నింపితే ఎవరో తాగేస్తారన్నట్టు రోజూ పొద్దున్నే కాస్త పోయించుకుని బయలుదేరేవాడు, మధ్యాహ్నం మళ్ళీ కాస్త పోయించుకునేవాడు. రోడ్డు బాగాలేదని వంతెన అవతలికి వెళ్ళడం మానేశాడు. వ్యాను మళ్ళీ ఎన్నడూ ఆగలేదు. "చూశారా, మేస్త్రి చెబితే చెప్పినట్టే!" అన్నారు అందరూ. అక్కయ్య ఆ మాట కూడా విన్నది.

ఆవిడ తమ్ముణ్ణి పల్లెత్తు మాట అనలేదు. పండో కాయో ఉంటే పట్టుకొచ్చేది, కాసేపు కూర్చునేది, వెళ్ళేది. షెడ్డు ముందు హారను మాత్రం వినపడేది కాదు. ఏదో తేడాగా ఉందని మేస్త్రికి కాదు, ఆయన భార్యకి తోచింది.

"వదిన మెట్లు దిగేటప్పుడు ఎడమ కాలివంకే చూసుకుంటోంది, గమనించారా?" అంది ఒకరోజు.

"వయసు వస్తోందిగా."

"వయసు కుడి కాలికి రాదా ఏం? ఇంజన్లకి చెవి పెడతారు గానీ, ఇంట్లో మనిషి అంత మాట పడి ఊరుకుంటే మీకు వినపడదు."

"సరదాకి అన్నాను. అక్క కూడా నవ్వింది."

"నవ్వక పదిమందిలో ఏడవమంటారా?"

మేస్త్రి ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వెళ్ళిపోయాడు.

అలా కొన్నేళ్ళు గడిచాయి. పక్క ఊళ్ళో ఒక ముసలి లాయరు తన పుస్తకాలన్నీ లైబ్రరీకి ఇస్తానన్నాడు. డ్రైవరు బిడ్డకి జ్వరం అని సెలవులో ఉన్నాడు. దూరపు ప్రయాణం కదా అని ముందురోజే ట్యాంకు నిండా పోయించి, మూత తాళంచెవి ఉన్న గుత్తిని జేబులో వేసుకునే ఇంటికి పోయాడు. పెద్దాయన మేస్త్రిని బతిమాలి, తన దగ్గరున్న రెండో ఇంజను తాళంచెవి ఇచ్చి వ్యాను అప్పజెప్పాడు. మేస్త్రి అలవాటుగా మూత దగ్గరికి వెళ్ళాడు. దాని తాళంచెవి లేదు. వాసన చూడకుండా బండి కదిలించడం ఆయనకి మొహం కడుక్కోకుండా వీధిలోకి వెళ్ళినట్టనిపించింది. అయినా బయలుదేరాడు.

వంతెన దాటాడు. క్వారీ రోడ్డు ఎక్కాక వ్యాను గునిసింది. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ ఇంజను గుటకలు వేసింది, గిలగిల్లాడింది, ఆగింది. చుట్టూ రాళ్ళు, తెల్లటి దుమ్ము, ఎండ. మేస్త్రి స్క్రూడ్రైవర్ తీసి, ఆగిన ఇంజనుకి ఏం ఆనిస్తామని మళ్ళీ సంచీలో పెట్టేశాడు.

ప్లగ్గు విప్పి ఇనుముకి ఆనించి చూశాడు. నిప్పు రవ్వ నీలంగా, పుష్టిగా వచ్చింది. అయితే పెట్రోలే అందడం లేదు. పంపు దగ్గర పైపు ఊడదీశాడు. ఎండిపోయి ఉంది. నిండు ట్యాంకు పెట్టుకుని పైపు ఎండడమేమిటి? ట్యాంకు వైపు పైపు లాగాడు. ధారగా కారాల్సిన పెట్రోలు కారలేదు సరిగదా, పైపే గుటుక్కున బయటి గాలిని మింగింది. మేస్త్రి వేలు అడ్డం పెట్టి చూశాడు. లోపలి నుంచి ఏదో వేలిని పట్టి లాగుతోంది. పైపు మళ్ళీ తగిలించి తాళం తిప్పితే ఇంజను లేచింది. కొంత దూరం పోయి మళ్ళీ ఆగింది.

ఈసారి ఆయన వ్యాను వెనక్కి వెళ్ళి, స్క్రూడ్రైవర్ దూర్చి మూత తాళం విరగ్గొట్టాడు. మూత కాస్త వదులయ్యీ కాగానే ఉస్సుమని పొడుగాటి ఊపిరి లోపలికి పోయింది. లోపలికి దిగిపోయి ఉన్న ట్యాంకు రేకు టక్కుమని పైకి లేచింది. ఆ ఉస్సు మేస్త్రికి కొత్త కాదు. వ్యాను ఆగిందని కబురొచ్చినప్పుడల్లా, మూత తీసినప్పుడల్లా విన్నదే. ట్యాంకు బయటికి వదిలే ఆవిరి అనుకున్నాడు. లోపలికి పీల్చుకుంటోందని అనుకోలేదు.

మూత తిరగేసి చూశాడు. పాత మూతకి సూది దూరేంత రంధ్రం ఉండేది. పెట్రోలు తగ్గినకొద్దీ దాని చోటు నింపడానికి గాలి అందులోంచి లోపలికి పోయేది. ఈ మూతకి అది లేదు. తను వెతికి తెచ్చి, కొత్త రబ్బరు వేసి, మురిసిపోయి బిగించిన మూత. నిండు ట్యాంకుతో దూరం పోయేకొద్దీ లోపల గాలి చాలక పెట్రోలు బిగదీసుకుపోతుంది. రోజుకి రెండుసార్లు మూత తీసి కాస్తకాస్త పోయించుకునే డ్రైవరుకి ఎందుకు ఆగుతుంది? వచ్చీ రాగానే మూత తీసి వాసన చూసే తనకి ఎందుకు ఆగుతుంది? ఆగిందల్లా ట్యాంకు నింపుకుని దూరం వెళ్ళిన అక్కయ్యకే. జబ్బు చూడడానికి వెళ్ళిన ప్రతిసారీ తనే ముందు జబ్బుని తీసేసి, ఆ తరువాత జబ్బు ఏదీ అని వెతికాడు.

అంతలో క్వారీ ఇళ్ళలోంచి ఇద్దరు ఆడవాళ్ళు వ్యానుని చూసి గబగబా వచ్చారు. లోపలికి తొంగి చూసి, ఖాళీ అరలు చూసి నిరాశ పడ్డారు.

"పుస్తకాల మేడం రాలేదా?" అంది పెద్దావిడ.

"రాలేదమ్మా."

"ఎలా వస్తారులే పాపం. కాళ్ళు పడిపోయాయటగా!"

మేస్త్రి ఉలిక్కిపడ్డాడు. "ఎవరన్నారమ్మా?"

"అందరూ అన్నారు. కాలికేదో జబ్బు చేసి బండి తీయలేకపోతున్నారని. మంచి మనిషి. నాకు చూపు ఆనకపోతే ఇక్కడే కూర్చుని చదివి వినిపించేవారు."

మేస్త్రి మూతకి సన్నటి రంధ్రం పొడిచి, బిగించి, పక్క ఊరికి పోయి పుస్తకాలు వేసుకొచ్చాడు. రానూ పోనూ వ్యాను ఎక్కడా ఆగలేదు.

పెద్దాయనకి సంగతంతా చెప్పాడు. ఆయన సాంతం విని, "పోనీలే మేస్త్రీ, తేలిందిగా, సంతోషం" అన్నాడు.

"మా అక్కయ్య తప్పేం లేదని నలుగురికీ చెప్పాలండీ. వ్యాను మళ్ళీ ఆవిడకే ఇవ్వాలి."

"అడిగితే ఇస్తాను. క్వారీ వైపు ఎవరూ పోవడం లేదు కూడా. కానీ అడగాల్సింది ఆవిడ కదా."

అక్కయ్య బల్ల దగ్గర కూర్చుని ముద్రలు వేస్తోంది. మేస్త్రి మూతని రుమాలులో చుట్టి తెచ్చి ముందు పెట్టాడు. చెప్పడం మొదలుపెట్టాక ఎక్కడా ఆగలేదు. మూత ఎక్కడ దొరికిందో, రబ్బరు ఎందుకు మార్చాడో, పైపు వేలిని ఎలా లాగిందో అన్నీ చెప్పాడు. క్వారీ ఆవిడ అన్న మాట ఒక్కటే మింగేశాడు. అక్కయ్య మూతని తిప్పి తిప్పి చూసింది. కొత్త రంధ్రానికి కన్ను ఆనించి వెలుగు చూసింది.

"అంటే నిజంగానే ఊపిరాడలేదన్నమాట."

"అవునక్కా. నువ్వు చెప్పినట్టే."

"నేను కూడా నమ్మలేదురా" అంది ఆవిడ నెమ్మదిగా. "మొదట్లో నమ్మాను. కొత్త డ్రైవరుకి ఒక్కసారీ ఆగకపోయేసరికి, నిజంగా కాలే అనుకున్నాను. డాక్టరుకి చూపించుకున్నాను కూడా. ఏం లేదన్నాడు. ఆయనకి తెలియలేదేమో అనుకున్నాను."

"నాకు చెప్పలేదే?"

"నువ్వే కదరా కనిపెట్టింది, నీకేం చెప్పను?"

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండేదనిపించింది మేస్త్రికి. తిడితే పడేవాడు.

"వ్యాను వెనకాలే ఉందక్కా. ఒక్కసారి తీసి చూడు."

"ఇప్పుడా? పనిలో ఉన్నాను."

"ఆవరణలో ఒక్క చుట్టు. నా కోసం."

ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని లేచింది. వెనక ఆవరణలో వ్యాను ఎక్కి కూర్చుంది. సీటు కొత్త డ్రైవరుకి తగ్గట్టు వెనక్కి ఉంది. మేస్త్రి దాన్ని ముందుకి జరిపి, పక్క సీట్లో కూర్చున్నాడు. అక్కయ్య తాళం తిప్పింది. ఇంజను ఠక్కున లేచింది. మేస్త్రి మొహం వికసించింది.

ఆవిడ క్లచ్ తొక్కి గేరు వేసింది. కిందికి వంగి పాదం వంక చూసుకుంది. పాదం వదిలింది. వ్యాను ఒక్క గెంతు గెంతి ఆగిపోయింది.

"పరవాలేదు, అలవాటు తప్పింది."

మళ్ళీ తిప్పింది. మళ్ళీ పాదం వంక చూసింది. వ్యాను మళ్ళీ గెంతింది, మళ్ళీ ఆగింది. మూడోసారి ఆవిడ తాళం మీద చెయ్యి వేసి, తిప్పకుండా తీసేసింది.

"క్లచ్ మరీ బిగువుగా ఉందక్కా" అన్నాడు మేస్త్రి తొందరగా. "కేబుల్ సర్దితే సరిపోతుంది. బండిదే తప్పు."

"బండికేం లేదురా ఇప్పుడు" అంది అక్కయ్య. "కాలే. నువ్వు ఏది చెప్పావో అది నేర్చుకుంది."

ఆవిడ దిగి, వ్యాను తలుపు నెమ్మదిగా వేసి, లోపల ఎవరో పుస్తకం కోసం నిలబడి ఉన్నారని వెళ్ళిపోయింది.

మేస్త్రి క్లచ్ కేబుల్ సర్దాడు. సర్దాల్సిన అవసరం లేదని ఆయనకి తెలుసు. వెన్నలా ఉన్నదాన్ని ఇంకా మెత్తగా చేశాడు. వ్యానుకి సెలవైన ప్రతిరోజూ లైబ్రరీ వెనక్కి వచ్చి, సీటు ముందుకి జరిపి, ఇంజను స్టార్టు చేసి, తను పక్క సీట్లోకి మారి కూర్చుంటున్నాడు. షెడ్డు దగ్గర బండ్లు ఎదురు చూస్తున్నాయని భార్య కబురు పంపినా లేవడు. పెద్దాయన చూసీ చూడనట్టు వెళ్ళిపోతాడు. ఒకటి రెండుసార్లు అక్కయ్య తలుపు దాకా వచ్చింది. మెట్టు దిగబోయి, పాదం వంక చూసుకుని, ఏదో గుర్తొచ్చినదానిలా వెనక్కి తిరిగింది.

ఆవాళ కూడా ఇంజను చాలాసేపటి నుంచి నడుస్తోంది. ఒక్క చిన్న తేడా లేకుండా, ఏ చెవికైనా హాయిగా ఉండేలా నడుస్తోంది. లైబ్రరీ కిటికీ తెరుచుకుంది. అక్కయ్య ఒక చేత్తో ముద్ర పట్టుకుని బయటికి వంగింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఆపెయ్యరా. పెట్రోలు దండగ."

మేస్త్రి ఇంకొంచెం సేపు చూశాడు. ఆవిడ కిటికీ దగ్గరే నిలబడి ఉంది. ఆయన చెయ్యి చాపి తాళం తిప్పేశాడు.